జీపు ఇరుసులో లాకు ఉందా?

కళ్ళంలో బంతి తిప్పడం గుర్తుందా? ఇప్పుడు నూర్పిడి మిషన్లు వచ్చాయి. బంతి తిప్పేవాళ్ళు తగ్గిపోయారు. అయినా పెద్దవాళ్ళు చూసే ఉంటారు. నడిమధ్యన రాట. రాటకి కట్టిన ఎద్దులు వరుసగా ఉంటాయి. రాట పక్కనున్న ఎద్దు అడుగులో అడుగు వేస్తూ తిరుగుతుంది. చివరి ఎద్దు మాత్రం గబగబా నడవాలి. లేకపోతే వరుస చెడిపోతుంది. అందుకే లోపల ముసలి ఎద్దుని, చివరన కుర్ర ఎద్దుని కడతారు.

బండి మలుపు తిరిగేటప్పుడు చక్రాలకీ ఇదే జరుగుతుంది. లోపలి చక్రం తక్కువ దూరం పోతుంది. బయటి చక్రం ఎక్కువ దూరం పోతుంది. ఎంత ఎక్కువ? జీపు రెండు చక్రాల మధ్య దూరం 4 అడుగులు అనుకుందాం. ఘాట్ రోడ్డులో పూర్తిగా వెనక్కి తిరిగే మలుపు ఒకటి వచ్చింది. ఆ ఒక్క మలుపులోనే బయటి చక్రం 12 అడుగులకు పైగా ఎక్కువ తిరగాలి.

ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని ఇరుసు తిరగదు. చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. జీపు సంగతి వేరు. జీపు చక్రాలని ఇంజను తిప్పాలి. రెండింటినీ తిప్పాలి. కానీ రెండూ ఒకే తీరున తిరిగితే మలుపులో టైరు రోడ్డుని గీక్కుంటూ పోతుంది. ఈ చిక్కు తీర్చడానికి వెనక ఇరుసు మధ్యలో ఒక ఏర్పాటు ఉంటుంది. జీపు కిందికి వంగి చూస్తే గుమ్మడికాయంత ఇనప బుడిపె కనిపిస్తుంది. అదే డిఫరెన్షియల్. మెకానిక్కులు డిఫ్రెన్సు అంటారు. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సు దేశంలో పెకర్ అనే ఆయన ఆవిరి బండి కోసం ఇలాంటిది తయారు చేశాడు. నేటి కార్లు, లారీలు, ట్రాక్టర్లు అన్నిటిలోనూ అదే సూత్రం.

బుడిపె లోపల ఏముంటుంది?

ఇంజను దగ్గర నుంచి వెనక్కి ఒక పొడుగాటి రాడ్డు వస్తుంది. దాన్ని షాఫ్టు అంటారు. షాఫ్టు చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది. దాని పేరు పినియను. పినియను ఒక పెద్ద పళ్ళ చక్రాన్ని తిప్పుతుంది. దాని పేరు క్రౌను. క్రౌనుకి ఒక డబ్బా బిగించి ఉంటుంది. డబ్బాలో నాలుగైదు చిన్న గేర్లు ఉంటాయి. రెండు గేర్లు రెండు చక్రాల రాడ్లవి. మిగిలినవి నడిమిన ఉండే గేర్లు. వాటిని స్టార్ గేర్లు అంటారు.

తిన్నని రోడ్డు మీద స్టార్ గేర్లు తమంతట తాము తిరగవు. డబ్బాతోపాటు ఊరికే గిరగిరా పోతాయి. మలుపు రాగానే అవి పని మొదలుపెడతాయి. లోపలి చక్రం ఎంత తగ్గితే బయటి చక్రానికి అంత కలుపుతాయి. ఒకరి దగ్గర తీసి ఇంకొకరికి ఇచ్చినట్టు. పైసా తేడా రాదు.

ఇందులో ఒక లోపం ఉంది. నీరు పల్లమెరుగు అంటారు కదా. ఇంజను బలం కూడా అంతే. తేలిగ్గా తిరిగే చక్రం వైపే పోతుంది. ఒక చక్రం బురదలో దిగబడిందనుకోండి. అది తేలిగ్గా తిరుగుతుంది. గిర్రున తిరిగి బురద చిమ్ముతుంది. గట్టి నేల మీదున్న రెండో చక్రం కదలదు. బండి అక్కడే ఉంటుంది. దారి సరిగా లేని ఊళ్ళవాళ్ళకి ఇది తెలిసిన బాధే. వానాకాలం పురిటి నొప్పుల మనిషిని తీసుకుపోయే బండి వాగు దగ్గర ఇలాగే ఆగిపోతుంది.

అందుకే లాకు పెట్టారు. లాకు పడితే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. ఒకటి బురదలో ఉన్నా రెండోది బండిని లాగుతుంది. చాలా ట్రాక్టర్లకి ఈ లాకు ఉంటుంది. డ్రైవరు కాలికి అందేటట్టు చిన్న పెడలు ఉంటుంది. తొక్కితే లాకు పడుతుంది. గట్టి నేల రాగానే వదిలేయాలి. లాకుతో మలుపు తిప్పకూడదు.

జీపులకి మాత్రం అన్నిటికీ లాకు ఉండదు. ఉన్నా ఒకటే రకం ఉండదు. పాత బండి చేతులు మారీ మారీ వచ్చి ఉంటుంది. లోపల ఎవరు ఏం పెట్టారో పైకి కనిపించదు. అమ్మేవాడు చెప్పిందే మాట. అక్కడే మోసం జరగడానికి వీలుంది.

లాకుల్లో రకాలు

మొదటిది డ్రైవరు వేసే లాకు. కొన్నిటికి గాలి గొట్టం ఉంటుంది. కొన్నిటికి కరెంటు వైరు ఉంటుంది. కొన్నిటికి తీగ, లివరు ఉంటాయి. కావాలంటే వేసుకోవచ్చు. వద్దంటే తీసేయొచ్చు. ఇది అన్నిటికంటే సుఖమైంది. ఖరీదు కూడా ఎక్కువే.

రెండోది పలకల రకం. డబ్బాలో పల్చటి ఇనప పలకలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉంటాయి. ఇది పూర్తి లాకు కాదు. సగం లాకు. చక్రం మరీ గిర్రున తిరిగిపోకుండా పట్టి ఉంచుతుంది. పలకలు అరిగిపోతే మామూలు డిఫ్రెన్సుతో సమానం. దీనికి వేరే రకం ఆయిలు పోయాలి. మామూలు ఆయిలు పోస్తే మలుపుల్లో గరగరమని అదురుతుంది.

మూడోది పళ్ళ రకం. ఇది ఎప్పుడూ లాకులోనే ఉంటుంది. మలుపులో బయటి చక్రం ముందుకి పోతుంటే దాన్ని మాత్రం వదులుతుంది. అప్పుడు టక్ టక్ మని చప్పుడు వస్తుంది. కొత్తవాళ్ళు ఏదో విరిగిందని భయపడతారు. అది దాని మామూలు చప్పుడే.

నాలుగోది దానంతటదే పడే లాకు. మామూలుగా ఇది లాకు లేని బండిలాగే ఉంటుంది. ఒక చక్రం రెండోదానికంటే బాగా జోరుగా తిరిగితే లోపలి చిన్న బరువులు విచ్చుకుంటాయి. అప్పుడు లాకు పడుతుంది. బండి వేగంగా పోతున్నప్పుడు పడదు. మహీంద్రా కంపెనీ 2015లో మార్చి తెచ్చిన థార్ జీపులో ఇలాంటి లాకు వచ్చింది. 2020లో వచ్చిన కొత్త థార్ రకాల్లో కొన్నిటికీ ఉంది.

ఐదోది లాకు కాదు. కానీ లాకు పేరుతో అమ్ముతారు. డబ్బా విప్పి, స్టార్ గేర్లకి వెల్డింగు కొట్టేస్తారు. గేర్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక అవి ఎప్పటికీ తిరగవు. రెండు చక్రాలూ ఎప్పుడూ ఒక్కటిగానే తిరుగుతాయి. బురదలో బాగానే లాగుతుంది. రోడ్డెక్కిన తర్వాతే దాని సంగతి తెలుస్తుంది.

ఒక జీపు బేరం

మన్యంలో ఒక కొండ ఊరు. సంతకి పోవాలంటే 14 కిలోమీటర్లు. అందులో 5 కిలోమీటర్లు మట్టి దారి. రెండు వాగులు. మిగతాది ఘాట్ రోడ్డు. పసుపు, మిరియాలు, చింతపండు సంతకి చేర్చాలంటే అద్దె బండ్లవాళ్ళు అడిగింది ఇవ్వాల్సిందే. ఆ ఊరి పొదుపు సంఘంలో 10 మంది ఆడవాళ్ళు. అందరూ కలిసి సరుకుకి ఒక పాత జీపు కొందామనుకున్నారు. బ్యాంకు అప్పు, పొదుపు సొమ్ము కలిపితే 3 లక్షల 20 వేలు.

మైదానంలోని పట్నంలో బండి చూశారు. పాత జీపు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే రకం. రంగు కొత్తగా వేశారు. బ్రోకరు 3 లక్షల 60 వేలు చెప్పాడు.

"అంత ఎందుకు బాబూ? ఇలాంటిదే పక్కన 3 లక్షల 20 వేలు అన్నారు కదా" అంది సంఘం లీడరు.

"అమ్మా, దానికి లాకు లేదు. దీనికి ఉంది. ఎంత బురదైనా ఆగదు. ఆ 40 వేలు లాకుకే."

"ఏ రకం లాకు?"

"ఏ రకమైతే ఏంటమ్మా? లాకు లాకే!"

లీడరు ఏమీ అనలేదు. పక్క ఊరి మెకానిక్కుని వెంటబెట్టుకుని వచ్చారు వాళ్ళు. ఆయన్ని అందరూ మేస్త్రీ అని పిలుస్తారు. లీడరు మేస్త్రీ వైపు చూసింది. మేస్త్రీ జీపు కిందికి దూరాడు. వెనకే ఒక చిన్నామె కూడా వంగింది. ఆమె రెండేళ్ళ కిందట రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. చేతిలో నోటుబుక్కు, సుద్దముక్క ఉన్నాయి.

మొదట కళ్ళతో చూడాలి. ఇరుసు బుడిపెకి గాలి గొట్టం వస్తోందా? లేదు. వైరు? లేదు. డ్రైవరు దగ్గర స్విచ్చు, లివరు? లేవు. అంటే డ్రైవరు వేసే లాకు కాదు. బుడిపె వెనక మూత ఉంది. మూతకి చుట్టూ 10 బోల్టులు. కొన్ని ఇరుసులకి ఒక బోల్టు కింద చిన్న రేకు బిళ్ళ ఉంటుంది. దాని మీద అంకెలు ఉంటాయి. ఇరుసు ఏ రకమో ఆ అంకెలే చెబుతాయి. ఈ జీపుకి బిళ్ళ లేదు. చిన్నామె గుడ్డతో తుడిచి చూసింది. కొత్త రంగు తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత టైర్లు చూశారు. వెనక టైర్లు రెండూ బాగా అరిగి, అంచులు రంపంలా ఉన్నాయి. ముందు టైర్లు బాగానే ఉన్నాయి. మేస్త్రీ ఏదో అనుకున్నాడు గానీ పైకి చెప్పలేదు. అరుగుదల ఒక్కదాన్ని చూసి తేల్చడం తప్పు. చక్రాలు తిప్పి చూడాలి.

చక్రం తిప్పి చూసే పద్ధతి

ఈ పని చేసేటప్పుడు ప్రాణం ముందు చూసుకోవాలి. బండి చదును నేల మీద ఉండాలి. ముందు చక్రాలకి రెండు వైపులా పెద్ద రాళ్ళు అడ్డం పెట్టాలి. ఇంజను ఆపి తాళం చెవి తీసేయాలి. తాళం చెవి ఒకరు కొంగున కట్టుకోవాలి. జాకీతో వెనక భాగం ఎత్తాలి. రెండు చక్రాలూ నేల వదలాలి. ఇరుసు కింద రెండు పక్కలా గట్టి స్టాండ్లు పెట్టాలి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరకూడదు. ఇంకో మాట. ఒక్క చక్రం ఎత్తి, ఇంజను స్టార్టు చేసి చూద్దామని కొందరంటారు. అసలు ఒప్పుకోవద్దు. లోపల లాకు ఉంటే నేల మీదున్న చక్రం కూడా తిరుగుతుంది. బండి జాకీ మీది నుంచి దూకుతుంది.

మేస్త్రీ అన్నీ సరిచూశాడు. బండిని మొదటి గేరులో పెట్టాడు. గేరులో ఉంటే షాఫ్టు తిరగదు. హ్యాండ్ బ్రేకు తీసేశాడు. లీడరు ఎడమ చక్రం దగ్గర కూర్చుంది. ఇంకొకామె కుడి చక్రం దగ్గర నిలబడింది.

"అక్కా, ఇప్పుడు నీ చక్రం ముందుకి తిప్పు" అన్నాడు మేస్త్రీ.

లీడరు రెండు చేతులా పట్టి తిప్పింది. చక్రం వేలెడంత జరిగి ఆగిపోయింది.

"వదినా, నీ పక్కది ఎటు తిరిగింది?"

"ఎటూ లేదమ్మా. కొద్దిగా కదిలి ఊరుకుంది."

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఏది జరిగితే ఏమిటని అర్థం? షాఫ్టు కదలకుండా ఉంది. ఒక చక్రం ముందుకి తిప్పితే రెండోది తేలిగ్గా వెనక్కి తిరిగిందనుకోండి. అది మామూలు డిఫ్రెన్సు. లేదా డ్రైవరు వేయని లాకు. లేదా థార్‌లో ఉన్నలాంటి, దానంతటదే పడే లాకు. చేత్తో తిప్పే నిదానానికి ఆ లాకు పడదు. కాబట్టి తేలిగ్గా తిరిగింది, లాకు లేదు అని వెంటనే చెప్పేయకూడదు. మూత విప్పితేనే తెలుస్తుంది. రెండోది వెనక్కే తిరిగినా బాగా బిగువుగా ఉంటే పలకల రకం అయి ఉండవచ్చు.

రెండూ కదలకపోతే? పళ్ళ రకం కావచ్చు. వెల్డింగు కావచ్చు. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఇంకో చిన్న పద్ధతి ఉంది. మేస్త్రీ అదే చేయించాడు.

"అక్కా, నీ చక్రం వెనక్కి తిప్పి, ఆగిన చోట అలాగే పట్టుకో. గట్టిగా వద్దు. వదినా, నువ్వు నీ చక్రం ముందుకి తిప్పు."

పళ్ళ రకం అయితే వదిన చక్రం టక్ టక్ మంటూ తిరగాలి. కానీ తిరగలేదు. నలుగురు పట్టినా తిరగలేదు. చప్పుడూ లేదు.

అప్పుడు గేరు న్యూట్రలుకి తెచ్చారు. ఇప్పుడు షాఫ్టు వదులైంది. లీడరు చక్రం తిప్పింది. కుడి చక్రం కూడా అటే తిరిగింది. షాఫ్టు కూడా తిరిగింది. రెండు చక్రాలూ ఒకే రోకలికి రెండు చివరల్లా తిరిగాయి.

బ్రోకరు నవ్వాడు. "చూశారా అమ్మా! లాకు ఉందన్నానా లేదా?"

మేస్త్రీ చేతులు తుడుచుకున్నాడు. "తాళం అంటే వేయాలి, తీయాలి. తీసే దారి లేనిది తాళం కాదు బాబూ. మేకులు కొట్టేసిన తలుపు. మూత విప్పుతాను."

బ్రోకరు ఒప్పుకోలేదు. ఆయిలు పోతుందన్నాడు. టైము లేదన్నాడు. వేరే పార్టీ వస్తోందన్నాడు. లీడరు అక్కడే రాయి మీద కూర్చుంది. "ఆయిలు డబ్బులు మేమిస్తాం. విప్పకపోతే బేరం లేదు" అంది. మిగతావాళ్ళూ కూర్చున్నారు. అరగంట గడిచింది. వేరే పార్టీ రాలేదు. చివరికి బ్రోకరే పానా తెచ్చి ఇచ్చాడు.

పది బోల్టులు ఊడదీశారు. కింద తొట్టి పెట్టారు. ఆయిలు నల్లగా కారింది. అందులో సన్నటి ఇనప పొడి మెరిసింది. మూత తీస్తే లోపల స్టార్ గేర్ల మీద వెల్డింగు గడ్డలు కనిపించాయి. బెల్లం పాకం ఒలికి గడ్డకట్టినట్టు ఉన్నాయి. అందరూ ఒకరి తర్వాత ఒకరు వంగి చూశారు.

క్రౌను మీద అంకెలు చెక్కి ఉన్నాయి. "43, 8" అని చిన్నామె చదివింది. నోటుబుక్కులో రాసుకుంది.

43, 8 అంటే ఏమిటి?

క్రౌనుకి 43 పళ్ళు. పినియనుకి 8 పళ్ళు. 43ని 8తో భాగిస్తే 5.38 వస్తుంది. షాఫ్టు ఐదు చుట్లు, ఇంకో మూడో వంతుకి కాస్త ఎక్కువ తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941 నుంచి, అమెరికా సైన్యానికి చేసిన విల్లీస్ జీపులో 39, 8 పళ్ళు ఉండేవి. అంటే 4.88. తర్వాత వచ్చిన జీపుల్లో కొన్నిటికి 43, 8 పెట్టారు. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో ఆ విల్లీస్ జీపులతోనే మొదలుపెట్టారు. అందుకే పాత జీపుల దగ్గర ఈ రెండు లెక్కలూ కనిపిస్తాయి.

నాలుగు చక్రాల బలం ఉన్న బండికి ముందు ఇరుసు లెక్క, వెనక ఇరుసు లెక్క ఒకటే ఉండాలి. ముందు ఇరుసు మూత కూడా విప్పాలా? అక్కర్లేదు. బయట నుంచే లెక్క కట్టవచ్చు.

వెనక చక్రాలు దింపారు. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టారు. ముందు ఒక్క చక్రం ఎత్తి స్టాండు పెట్టారు. నాలుగు చక్రాల లివరు తీసేశారు. ముందు షాఫ్టు వదులైంది. చిన్నామె టైరు మీద సుద్దతో ఒక గీత గీసింది. షాఫ్టు మీద ఇంకో గీత గీసింది. లీడరు చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పింది. ఒక్క చక్రమే తిరుగుతూ రెండోది నేల మీద ఆగి ఉంటే, రెండు చుట్లు ఒక చుట్టు కింద లెక్క. చిన్నామె షాఫ్టు చుట్లు లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదోది నిండటానికి కాస్త తక్కువైంది.

"వెనక ఐదు దాటింది. ముందు ఐదు నిండలేదు" అందామె.

అంటే ముందు 4.88. వెనక 5.38. రెండూ ఒక బండివి కావు. వెనక ఇరుసు ఏదో వేరే జీపు నుంచి తెచ్చి బిగించారు. వెనక చక్రాలు 10 అడుగులు పోయేసరికి ముందు చక్రాలు 11 అడుగులు పోదామంటాయి. రెండెడ్లలో ఒకటి నడుస్తుంటే రెండోది పరిగెత్తినట్టు. లివరు వేసి నాలుగు చక్రాలతో గట్టి నేల మీద నడిపితే ఎక్కడో ఒకచోట గేరు విరగాల్సిందే.

ఘాట్ రోడ్డులో ఏమయ్యేది?

మేస్త్రీ ఈ సంగతి ఆడవాళ్ళకి నిదానంగా చెప్పాడు. వెల్డింగు కొట్టిన ఇరుసు మలుపు తిరగనివ్వదు. లోపలి టైరు గీక్కుంటూ పోతుంది. టైర్లు త్వరగా అరిగిపోతాయి. మలుపులో స్టీరింగు తిప్పినా వెనక చక్రాలు బండిని తిన్నగా తోస్తాయి. వాన పడిన ఘాట్ రోడ్డులో వెనక భాగం పక్కకి జారవచ్చు. అటు పక్క లోయ. ప్రతి మలుపులోనూ చక్రం రాడ్లు మెలిపడతాయి. ఒకరోజు రాడ్డు విరుగుతుంది. కొన్ని రకాల ఇరుసుల్లో రాడ్డు విరిగితే చక్రమే ఊడి బయటికి వచ్చేస్తుంది. పొలంలో, బురదలో మాత్రమే తిరిగే బండికి కొందరు తెలిసే ఇలా చేయించుకుంటారు. అది వాళ్ళ ఇష్టం. రోడ్డు మీద సరుకు మోసే బండికి మాత్రం ఇది పనికిరాదు.

"మరి మన వాగుల దగ్గర ఏం చేయాలి? మామూలు దానితో దిగబడతాం కదా" అంది వదిన.

మంచి ప్రశ్నే. ముందు ఇరుసు, వెనక ఇరుసు సరిజోడుగా ఉంటే నాలుగు చక్రాల లివరు వేసుకుని వాగు దాటవచ్చు. చక్రం తిరిగిపోతుంటే టైరు గాలి కొంచెం తగ్గించవచ్చు. రోడ్డెక్కే ముందు మళ్ళీ కొట్టించాలి. చక్రం కింద కొమ్మలు, రాళ్ళు వేయడం మనకి తెలిసిందే. సొమ్ము కూడిన తర్వాత డ్రైవరు వేసే లాకు పెట్టించుకోవచ్చు. అదీ ఏ ఇరుసో తెలిస్తేనే. ఒక ఇరుసుకి చేసిన లాకు ఇంకో ఇరుసుకి పట్టదు.

బ్రోకరు మొదట 40 వేలు తగ్గిస్తానన్నాడు. తర్వాత 60 వేలు అన్నాడు. లీడరు మేస్త్రీని అడిగింది. సరిజోడు ఇరుసు వెతికి తేవాలి, బిగించాలి, వెనక టైర్లు రెండూ మార్చాలి. మేస్త్రీ వేళ్ళ మీద లెక్క వేసి 70 వేలు అవుతుందన్నాడు. లీడరు బ్రోకరుతో అంది. "39, 8 ఉన్న మంచి ఇరుసు మీరే బిగించి, టైర్లు మార్చి పెట్టండి. లాకు అక్కర్లేదు. మేమే వచ్చి మళ్ళీ చక్రం తిప్పి చూస్తాం. అప్పుడు 3 లక్షల 20 వేలు ఇస్తాం. లేదంటే 2 లక్షల 50 వేలకి ఇలాగే ఇవ్వండి. మా మేస్త్రీతో చేయించుకుంటాం." బ్రోకరు యజమానికి ఫోను చేయాలన్నాడు. వాళ్ళు అడ్వాన్సు ఇవ్వలేదు. సాయంత్రం బస్సుకి ఊరికి తిరిగి వచ్చారు. నాలుగో రోజు బ్రోకరే ఫోను చేశాడు. 2 లక్షల 55 వేల దగ్గర బేరం తెగింది.

కాగితాలు

ఇరుసు చూశాం కదా అని కాగితాలు మరిచిపోకూడదు. ఆర్‌సిలో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉంటాయి. బండి మీద చెక్కిన అంకెలతో వాటిని ఒక్కొక్కటిగా పోల్చి చూసుకోవాలి. ఒక అంకె తేడా ఉన్నా ఆగాలి. ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ తేదీలు చూసుకోవాలి. సరుకు మోసే బండి అని ఆర్‌సిలో రాసి ఉందా, సొంత వాడకం అని ఉందా చూసుకోవాలి. బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. ఆర్‌సిలో ఉన్న వివరాలకి, బండికి పొంతన ఉండాలి. పెద్ద మార్పు ఏదైనా చేయించే ముందు ఆర్‌టిఓ ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

మాట్లాడుకోండి, లెక్క చేయండి

ఒక జీపు వెనక చక్రాలు రెండూ ఎత్తి, గేరులో పెట్టి, ఒక చక్రం ముందుకి తిప్పారు. రెండోది తేలిగ్గా వెనక్కి తిరిగింది. ఆ బండికి లాకు లేదని చెప్పవచ్చా? ఎందుకు?

41ని 10తో భాగించండి. క్రౌనుకి 41, పినియనుకి 10 పళ్ళు ఉంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలి?

బ్రోకరు మొదట చెప్పిన ధర ఎంత? చివరి ధర ఎంత? దానికి 70 వేల ఖర్చు కలిపితే ఎంత? సంఘం దగ్గరున్న సొమ్ము సరిపోయిందా? తక్కువైతే 10 మందికీ తలా ఎంత పడింది?

మీ ఊళ్ళో ట్రాక్టరు ఉంటే డ్రైవరుని అడిగి లాకు పెడలు ఎక్కడుందో చూడండి. దాన్ని ఆయన ఎప్పుడు తొక్కుతాడో అడగండి.